హ్యాకింగ్ కోర్సుకు ఫీజు కట్టే ముందు ల్యాబు తాళం తీయించండి

సంపాదకులు గారికి నమస్కారం.

డిగ్రీ అడ్మిషన్లు మొదలయ్యాయంటే చాలు, బస్టాండు చుట్టుపక్కల గోడల మీద, ఆటోల వెనక, పిల్లల ఫోన్లలో ఒకటే ప్రకటన. నెలన్నరలో ఎథికల్ హ్యాకర్ (యజమాని అనుమతితోనే కంప్యూటర్లలో లోపాలు వెతికేవాడు) అయిపోండి, కోడింగ్ రాకపోయినా పర్లేదు, ఉద్యోగం గ్యారంటీ. నేను మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పే గెస్ట్ లెక్చరర్‌ని. ఆ ప్రకటనలో మధ్యలో ఉన్న మాట గురించే ఈ ఉత్తరం. "కోడింగ్ రాకపోయినా పర్లేదు" అనేది పచ్చి అబద్ధం. దాన్ని నమ్మి దేవరకద్ర, మక్తల్, అచ్చంపేట వైపు నుంచి వచ్చే పిల్లల ఇళ్లల్లో పత్తి అమ్మిన పైసలు తీసి కడుతున్నారు. నల్లగొండలో పనిచేసే నా స్నేహితురాలు కూడా దేవరకొండ, హాలియా పిల్లల గురించి ఇదే చెప్తుంది, కాబట్టి ఇది ఒక్క ఊరి సంగతి కాదు.

"మేడమ్, సైబర్ సెక్యూరిటీ నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలె?" ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. మంచి ప్రశ్న. కొంతమంది రీల్స్‌లో ముఖానికి ముసుగేసుకుని నల్ల తెర మీద పచ్చ అక్షరాలు కొట్టేవాడిని చూసి అడుగుతారు, నిజమే. కానీ చాలామంది అడిగేది ఇంట్లో దెబ్బ తగిలాక. మేనమామకు బ్యాంకు నుంచి అని ఫోన్ వచ్చి ఓటీపీ చెప్పేసిన ఇల్లు, పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసి "మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం" అంటే భయపడి డబ్బు పంపిన ఇల్లు (మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు, ఈ మాట ఎన్నిసార్లు రాసినా తక్కువే), అలాంటి ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు ఇది ఎలా జరిగిందో తెలుసుకోవాలన్న కోపం ఉంటుంది. ఆ కోపాన్ని చదువు వైపు తిప్పడం మా పని. దాన్ని ఫీజు రసీదుగా మార్చుకోవడం ఆ ప్రకటనల వాళ్ల పని.

నేను వాళ్లకు చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే. ముందు ఒక్క ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోండి, పైథాన్ అయినా సరే, సీ అయినా సరే. ఆ తర్వాత లైనక్స్ (విండోస్ లాంటిదే, ఉచితం) కమాండ్లు. ఆ తర్వాత ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌తో ఎలా మాట్లాడుతుందో, అంటే ఐపీ అడ్రస్, పోర్టు, డీఎన్ఎస్, హెచ్‌టీటీపీ. ఇవి వచ్చాక సెక్యూరిటీ దానంతట అదే అర్థమవడం మొదలవుతుంది. వెంటనే ముఖం చిన్నబోతుంది, "అంత టైం పడ్తదా మేడమ్" అంటారు. పడుతుంది. రోజూ గంట కూర్చుంటే ఏడాది పడుతుంది. నెలన్నరలో టూల్స్ పేర్లు నోటికి వస్తాయి తప్ప ఇంకేమీ రాదు.

కోడింగ్ ఎందుకు ముందు రావాలో మాటల్లో చెప్తే పిల్లలు నమ్మరు, అందుకే ల్యాబ్‌లో ఒకటి చేసి చూపిస్తాను. సీలో ఒక స్ట్రక్చర్ రాయిస్తాను, పేరుకు పది అక్షరాల చోటు, దాని పక్కనే మార్కులకు ఒక ఇంటిజర్, అంటే పూర్ణాంకం. మార్కుల్లో ముందే 72 వేసి పెడతాం. తర్వాత గెట్స్ అనే ఫంక్షన్‌తో పేరు అడుగుతాం, చివర్లో పేరూ మార్కులూ ప్రింట్ చేస్తాం. అంతే, పదిహేను లైన్లు కూడా ఉండవు. ఒకసారి ఒకమ్మాయి హాల్‌టికెట్ మీద ఉన్నట్టే ఇంటిపేరుతో సహా తన పేరు మొత్తం కొట్టింది. పేరు బాగానే వచ్చింది. 72 ఉండాల్సిన చోట మాత్రం ఐదంకెల సంఖ్య వచ్చింది. "మేడమ్, నేను మార్కులు ముట్టుకోనేలేదు" అంది. ముట్టుకోలేదు, నిజమే. మన ఇంటిపేర్లు, పేర్లు కలిపితే పది అక్షరాల్లో పడతాయా? మిగిలిన అక్షరాలు పక్కింట్లోకి, అంటే మార్కుల చోటులోకి పోయి కూర్చున్నాయి.

అప్పుడు ఇంగ్లిష్ పెద్ద A అక్షరాన్ని సరిగ్గా పన్నెండుసార్లు కొట్టమన్నాను. మార్కులు 16705 అని వచ్చాయి. ఎవరు కొట్టినా, మా ల్యాబులో ఏ సిస్టమ్ మీద కొట్టినా అదే 16705. ఎందుకో మీరే చెప్పండన్నాను. కంప్యూటర్ లోపల A అక్షరం విలువ 65. పది Aలు పేరులో పట్టాయి, పదకొండోదీ పన్నెండోదీ మార్కుల రెండు బైట్లలో (బైటు అంటే ఒక అక్షరం పట్టే చోటు) పడ్డాయి. రెండో బైటుకు 256 రెట్ల విలువ, అందుకే 65ని 256తో గుణించి ఇంకో 65 కలపండి. పిల్లలు ఫోన్లు తీసి లెక్క చేసుకున్నారు, 16705. ఇక ఆ రోజు ల్యాబ్‌లో నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు, వాళ్లే అడగడం మొదలుపెట్టారు. "అంటే మేడమ్, ఏ అక్షరాలు కొట్టాలో లెక్క చూసుకుని కొడితే మనకు కావాల్సిన మార్కులు వేసుకోవచ్చు కదా?" వేసుకోవచ్చు. ఆ ప్రశ్న అడిగిన క్షణంలోనే ఆ పిల్లవాడు సెక్యూరిటీలో అడుగుపెట్టాడు. దీన్నే బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు. 1988 నవంబర్‌లో మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రామ్ అప్పటి చిన్న ఇంటర్నెట్‌లో వేల కంప్యూటర్లను స్తంభింపజేసింది, అది లోపలికి దూరిన దారుల్లో ఒకటి సరిగ్గా ఇదే, ఫింగర్ అనే సర్వీసు పొడవు చూసుకోకుండా గెట్స్‌తో చదవడం. ఆ ప్రోగ్రామ్ రాసింది కూడా ఒక యూనివర్సిటీ విద్యార్థే. చివరికి 2011లో వచ్చిన సీ స్టాండర్డ్ నుంచి గెట్స్‌ను పూర్తిగా తీసేశారు, ఎంత పొడవు చదవాలో చెప్పే ఎఫ్‌గెట్స్ వాడమన్నారు.

కోడింగ్ రాని పిల్లవాడికి ఈ 16705ను ఎలా అర్థం చేయించాలి? ఏ కోర్సు వాళ్లయినా సరే, నాకు చెప్తే నేర్చుకుంటాను.

ఇక బాధ కలిగించే సంగతి. 2011లో భాషలోంచే తీసేసిన ఆ గెట్స్ మన పిల్లల ల్యాబ్ రికార్డుల్లో ఇంకా ఉంది. నేను చూసిన చాలా ల్యాబుల్లో సీ ప్రోగ్రామ్‌లు రాసి నడపడానికి ఇప్పటికీ టర్బో సీయే వాడుతున్నారు. అది డాస్ కాలం నాటి సాఫ్ట్‌వేర్, ఈ రోజు విండోస్ మీద అది నేరుగా నడవను కూడా నడవదు, డాస్‌బాక్స్ అనే ఇంకో ప్రోగ్రామ్ పెట్టి ఆ నీలం తెర తెప్పించాలి. పిల్లలు వాయిడ్ మెయిన్ అని రాస్తారు, టర్బో సీతో వచ్చే కోనియో హెడర్ పెడతారు, సీఎల్ఆర్ స్క్రీన్ కొడతారు, రికార్డు పూర్తి చేస్తారు, ఎగ్జామ్‌లో మార్కులు కూడా వస్తాయి. తర్వాత హైదరాబాద్‌లో ఏదో కంపెనీ ఆన్‌లైన్ టెస్టులో అదే ప్రోగ్రామ్ ఎక్కిస్తే కోనియో దొరకలేదని ఎర్రగా ఎర్రర్ వస్తుంది. పిల్లవాడు తనకు సీ రాదనుకుంటాడు. వాడికి సీ వచ్చు, వాడి చేతికి మనం ముప్పై ఏళ్ల కిందటి పనిముట్టు ఇచ్చాం. టర్బో సీలో ఇంటిజర్ రెండు బైట్లు, 32767కు ఒకటి కలిపితే మైనస్ 32768 అవుతుంది, బయట ఎక్కువగా వాడే జీసీసీ అనే కంపైలర్‌లో (రాసిన ప్రోగ్రామ్‌ను కంప్యూటర్ భాషలోకి మార్చేది) అది నాలుగు బైట్లు, ఆ లెక్కే వేరు. (పైన చెప్పిన 16705 కూడా రెండు బైట్ల లెక్కే. పాత దాన్ని మ్యూజియంలో వస్తువులా ఒక్కరోజు చూపించడానికి నాకు అభ్యంతరం లేదు. మూడేళ్లూ దానిమీదే నడిపించడమే తప్పు.) జీసీసీ ఉచితం, ప్రోగ్రామ్ రాసుకునే కోడ్‌బ్లాక్స్ ఉచితం, లైసెన్సు ఖర్చు రూపాయి లేదు, పాత సిస్టమ్‌ల మీద కూడా హాయిగా నడుస్తాయి. బడ్జెట్ లేదన్న మాట ఇక్కడ చెల్లదు.

పైగా ల్యాబుకు తాళం. పీరియడ్ అయిపోగానే సిస్టమ్‌ల మీద గుడ్డలు కప్పి తాళం వేస్తారు. వేసేవాళ్లను నేను తప్పుపట్టను, ఒక మౌస్ పోయినా, ఒక కీబోర్డు పాడైనా స్టాక్ రిజిస్టర్‌లో వాళ్ల సంతకమే ఉంటుంది, జీతంలో కోస్తారేమోనని వాళ్ల టెన్షన్ వాళ్లది. కానీ ఫలితం ఏమిటి? వారానికి రెండు మూడు ప్రాక్టికల్ పీరియడ్లు, అందులో కరెంటు పోతే, యూపీఎస్ బ్యాటరీలు చచ్చి ఉంటే, ఇద్దరు ముగ్గురికి ఒక సిస్టమ్ అయితే, ఒక పిల్లకు కీబోర్డు మీద చేతులు పెట్టే టైం ఎంత మిగులుతుంది? ఒడ్డున కూర్చోబెట్టి ఈత రాలేదేంటని అడిగినట్టు ఉంది మన పద్ధతి.

ల్యాప్‌టాప్ లేని పిల్లలు ఏం చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు ఉంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. మా క్లాసులో సగానికి పైగా పిల్లల దగ్గర ఉన్నది ఒక ఆండ్రాయిడ్ ఫోన్ మాత్రమే, అదీ తెర పగిలింది. అందులో టెర్మక్స్ అనే ఉచిత యాప్ వేసుకుంటే లైనక్స్ టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే తెర వస్తుంది, అందులోనే పైథాన్ దించుకోవచ్చు, సీ ప్రోగ్రామ్‌లు కంపైల్ చేసుకోవచ్చు. చిన్న తెర మీద బ్రాకెట్లు వెతుక్కుని కొట్టడం కష్టమే, ఓటీజీ కేబుల్‌తో మామూలు కీబోర్డు తగిలించుకుంటే ఆ కష్టం చాలావరకు తీరుతుంది. పాఠాలకు డబ్బు కట్టక్కర్లేదు. ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్‌లో తెలుగులో కూడా కొన్ని పాఠాలున్నాయి, ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ పాఠాలు చూడటం ఉచితం, సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే ఫీజు. ఇంగ్లిష్ కొంచెం పట్టుబడ్డాక హార్వర్డ్ వాళ్ల సీఎస్50 కూడా ఉచితమే, అందులో ముందు సీ నేర్పి తర్వాత పైథాన్‌కు వస్తారు, ఆ వరుస నాకు చాలా నచ్చుతుంది.

లైనక్స్ కమాండ్లు నేర్చుకోవడానికి నేను పిల్లలతో ఆడించేది ఓవర్ ద వైర్ వాళ్ల బాండిట్ అనే ఆట. ఫోన్‌లోని టెర్మక్స్ నుంచే ఎస్ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) వాళ్ల కంప్యూటర్‌లోకి వెళ్లాలి, ఒక మెట్టులో దాచిన పాస్‌వర్డ్ కనిపెడితేనే తర్వాతి మెట్టుకు దారి. మొదటి పాస్‌వర్డ్ రీడ్‌మీ అనే ఫైలులో ఉంటుంది, క్యాట్ అని కొట్టి చదివేస్తారు, ఉత్సాహంగా ముందుకెళ్తారు. రెండో చోట ఫైలు పేరే ఒక చిన్న అడ్డగీత. క్యాట్ అని కొట్టి అడ్డగీత పెట్టి ఎంటర్ నొక్కితే ఏమీ రాదు, కర్సర్ అక్కడే కొట్టుకుంటూ ఉంటుంది. ఫోన్ హ్యాంగ్ అయిందనుకుని ఆర్పేసి మళ్లీ మొదలుపెట్టిన పిల్లలున్నారు. హ్యాంగ్ కాలేదు. ఒంటరి అడ్డగీత కనిపిస్తే క్యాట్ దాన్ని ఫైలు పేరు అనుకోదు, కీబోర్డు నుంచి నువ్వు ఏదో కొడతావని ఎదురుచూస్తుంది. ఫైలు ఏ ఫోల్డరులో ఉందో చిరునామాతో సహా చెప్తేగానీ దానికి అర్థం కాదు. ఈ ఒక్క ముడి విప్పుకునే లోపల పిల్లలు పాత్ అంటే ఏమిటో, కమాండ్‌కు ఇచ్చే ఆప్షన్‌కూ ఫైలు పేరుకూ తేడా ఏమిటో, మాన్యువల్ పేజీ ఎలా చదవాలో నేర్చేసుకుంటారు. నేను బోర్డు మీద రాసి చెప్తే అదే సంగతి వారంలో మర్చిపోతారు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ల పికో సీటీఎఫ్ కూడా ఇలాంటిదే, స్కూలు పిల్లలు కూడా ఆడొచ్చు.

ఇంగ్లిష్ భయం సంగతి కూడా చెప్పాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ప్రోగ్రామింగ్ అంటే ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ల సొత్తు అనుకుంటారు. పైథాన్‌లో కీవర్డులు, అంటే ఆ భాష తనకోసం పెట్టుకున్న పదాలు, మొత్తం 35. మనం రికార్డుల్లో రాసే పాత సీలో 32. అన్నీ కలిపి ఒక పేజీలో రాసి గోడకు అంటించుకోవచ్చు. అసలు దెబ్బతినేది ఎర్రర్ మెసేజ్ దగ్గర. ఎర్రగా నాలుగైదు లైన్లు రాగానే చదవకుండా తెర మూసేస్తారు. పైథాన్‌లో ముందు చివరి లైను చదవమంటాను, తప్పు ఏమిటో అక్కడే ఉంటుంది, ఏ లైనులో జరిగిందో దానికి కాస్త పైన ఉంటుంది. నేమ్ ఎర్రర్ అంటే ఆ పేరు నాకు తెలియదంటోంది, ఇండెంటేషన్ ఎర్రర్ అంటే ముందు వదిలిన ఖాళీలు సరిపోలేదంటోంది. పది పన్నెండు రకాల ఎర్రర్లు అర్థమైతే మొదటి ఏడాది గడిచిపోతుంది. ఇంకో మాట, పాత పుస్తకాల షాపులో కొన్న పైథాన్ పుస్తకంలో ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకపోతే అది పైథాన్ 2 పుస్తకం, దానికి 2020 జనవరితోనే కాలం చెల్లింది, దాన్ని పక్కన పెట్టేయండి.

ఏఐతో కోడ్ రాయించుకుని రికార్డులో అంటించే అలవాటు ఈమధ్య బాగా పెరిగింది. వద్దనను, కానీ మొదటి ఆరు నెలలు దాన్ని రాయమని అడగొద్దు, నేను రాసిందాంట్లో తప్పెక్కడుందో తెలుగులో చెప్పమని అడగండి. చెప్తుంది.

కాలీ లైనక్స్ గురించి రాయకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. అది 2013లో వచ్చింది, సెక్యూరిటీ పరీక్షలు చేసేవాళ్ల కోసం వందల టూల్స్ ముందే ఎక్కించి ఇస్తారు. లైనక్స్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది తగదని దాన్ని తయారుచేసినవాళ్లే తమ డాక్యుమెంటేషన్‌లో రాసుకున్నారు. మన దగ్గర మాత్రం మొదటి రోజే అది. ఇంట్లో అన్నకూ చెల్లికీ కలిపి ఉన్న ఒక్క ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి కాలీ ఎక్కించడం, ఫొటోలు, అక్క ప్రాజెక్టు ఫైళ్లు అన్నీ పోగొట్టుకోవడం, ఇంట్లో తన్నులు. ఉబుంటు అనే మామూలు లైనక్స్ చాలు, అది కూడా వర్చువల్ మెషీన్‌లో, అంటే ఉన్న విండోస్ లోపలే ఒక ప్రోగ్రామ్‌లా నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో.

దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. టూల్ చేతికి రాగానే పక్కింటి వైఫై మీద, కాలేజీ వెబ్‌సైటు మీద, స్నేహితుడు తిట్టుకున్న అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్ మీద ప్రయోగం చేయాలనిపిస్తుంది. పిల్లలూ, దయచేసి చదవండి. ఐటీ చట్టం 2000లో సెక్షన్ 43, 66 కలిపి చూస్తే, యజమాని అనుమతి లేకుండా ఇంకొకరి కంప్యూటర్‌లోకి దురుద్దేశంతో చొరబడితే మూడేళ్ల దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంకొకరి పాస్‌వర్డ్ దొంగచాటుగా వాడుకుంటే సెక్షన్ 66సీ. "నేర్చుకోవడానికి చేశాను సార్" అంటే స్టేషన్‌లో వదిలిపెట్టరు, రేపు పాస్‌పోర్టుకూ ఉద్యోగం వెరిఫికేషన్‌కూ ఆ కేసు అడ్డొస్తుంది. చేతులు దురద పెడితే చేసుకోవడానికి వేరే చోట్లున్నాయి. పోర్ట్‌స్విగర్ వాళ్ల వెబ్ సెక్యూరిటీ అకాడమీ ఉచితం, అందులో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (వెబ్‌సైటు వెనకున్న డేటాబేస్‌ను మోసగించడం) లాంటివి చట్టప్రకారం చేసి చూడొచ్చు. డీవీడబ్ల్యూఏ అని కావాలనే లోపాలతో తయారుచేసిన వెబ్‌సైటును మీ సొంత సిస్టమ్‌లో పెట్టుకుని ఎంతైనా పొడవొచ్చు. ఎక్కడైనా సర్కారు వెబ్‌సైటులో లోపం అనుకోకుండా కంటపడితే వాట్సాప్ స్టేటస్ పెట్టొద్దు, సెర్ట్-ఇన్ అని 2004 నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, వాళ్లకు రాయండి.

అలాగే కమీషన్ ఇస్తాం, నీ బ్యాంకు ఖాతా వాడుకోనివ్వు అని అడిగేవాళ్లు డిగ్రీ పిల్లల వెంటపడుతున్నారు. దోచిన డబ్బు మీ ఖాతాలోంచి పోతే పోలీసులు ముందు వచ్చేది మీ గుమ్మానికే. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి కంబోడియాకు, మయన్మార్‌కు తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన వార్తలు పత్రికల్లో చదివాం, అందులో మన తెలంగాణ పిల్లలూ ఉన్నారు. కంప్యూటర్ కొంచెం వచ్చిన, ఉద్యోగం లేని పిల్లలే వాళ్ల గురి.

మొదటి ఏడాది చదువుతోనే పిల్లలు ఊళ్లో చేయగలిగిన పని ఒకటుంది. వాట్సాప్ గ్రూపుల్లో పీఎం కిసాన్ అని, ట్రాఫిక్ చలానా అని, బ్యాంకు కేవైసీ అని ఏపీకే ఫైళ్లు తిరుగుతుంటాయి. నొక్కితే యాప్ దిగుతుంది, దిగగానే ఎస్సెమ్మెస్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. రైతుకు డబ్బు పడిందో లేదో చెప్పే యాప్‌కు నా మెసేజ్‌లతో ఏం పని? ఓటీపీ వచ్చేది అక్కడికి కాబట్టి. అనుమతి ఇచ్చామంటే ఓటీపీ మనం చదివేలోపే వాళ్లకు చేరుతుంది. ఈ ముక్క ఇంట్లో నాయినకు, అమ్మకు, పక్కింటి పెద్దమ్మకు ఫోన్ సెట్టింగ్స్ తెరిచి ఏ యాప్‌కు ఏ అనుమతి ఉందో చూపిస్తూ చెప్పడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. మా స్టూడెంట్ ఒకతను తన ఊళ్లో కిరాణా కొట్టు ముందు కూర్చుని వచ్చినవాళ్ల ఫోన్లలో ఇదే పని చేశాడు, అనవసరమైన అనుమతులన్నీ తీసేశాడు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలని గోడ మీద రాసి వచ్చాడు. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారిపోతుంది, ఆపడం కష్టమవుతుంది, అందుకే రేపు పొద్దున్న చూద్దాం అనుకోకూడదు.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. సైబర్ సెక్యూరిటీలో ఉద్యోగాలున్నాయి, కానీ కొత్తవాళ్లకు ఎక్కువగా దొరికేది ఎస్ఓసీ (సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్) ఎనలిస్ట్ పని, షిఫ్టుల్లో కూర్చుని లాగ్‌లు, అంటే కంప్యూటర్లలో జరిగినవన్నీ నమోదయ్యే చిట్టాలు చూస్తూ ఏది మామూలు, ఏది అనుమానాస్పదం అని తేల్చడం. ఆ ఇంటర్వ్యూల్లో టూల్స్ పేర్లతో సరిపెట్టరు, బ్రౌజర్‌లో ఒక అడ్రస్ కొట్టి ఎంటర్ నొక్కితే అక్కడి నుంచి పేజీ వచ్చేదాకా ఏమేం జరుగుతుందో చెప్పమంటారు. డీఎన్ఎస్ (వెబ్‌సైటు పేరును ఐపీ అడ్రస్‌గా మార్చేది) నుంచి టీసీపీ హ్యాండ్‌షేక్ (రెండు కంప్యూటర్ల మొదటి పలకరింపు) దాకా వరుసగా చెప్పగలిగిన పిల్లను వాళ్లు వదులుకోరు. అది నెలన్నరలో రాదు. గ్యారంటీ ఉద్యోగం అని ఎవరైనా అంటే ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమని తల్లిదండ్రులు అడగాలి, పోయిన ఏడాది చేరినవాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో ఇద్దరు ముగ్గురితో ఫోన్‌లో మాట్లాడించమనాలి. అన్ని కోచింగ్‌లూ మోసమని నేను అనడం లేదు, ఓపికగా బేసిక్స్ చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు మాత్రం నెలన్నర అనరు.

ఇక అడగాల్సినవి. కాలేజీ పెద్దలు ల్యాబులను మధ్యాహ్నం భోజనం గంటలోనూ శనివారాలూ తెరిచి ఉంచాలి. సాయంత్రం పెట్టొద్దు, పెడితే ఆడపిల్లలు రాలేరు. మహాలక్ష్మి పథకంలో 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది, దానివల్ల దూరం ఊళ్ల అమ్మాయిలు కూడా జిల్లా కేంద్రానికి వచ్చి చదువుతున్నారు, కానీ వాళ్ల ఊరికి పోయే చివరి పల్లెవెలుగు తప్పిందంటే ఇంటికి చేరే దారి లేదు. పాడైన మౌస్‌కు ల్యాబ్ అసిస్టెంట్ జీతం కోయబోమని ప్రిన్సిపాల్ ఒక్క కాగితం రాసిస్తే తాళాల సమస్య సగం తీరుతుంది. సిలబస్ కమిటీల్లో ఉన్న పెద్దలు టర్బో సీ తీసేసి జీసీసీ పెట్టమని, గెట్స్ రాస్తే మార్కులు ఇవ్వొద్దని ఆదేశాలివ్వాలి. మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలోనూ నల్లగొండలోనూ 2023లో ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి, అక్కడ పనిచేసే ఇంజినీర్లు నెలకొక ఆదివారం మన పిల్లలతో కూర్చుంటే వాళ్లు వేసే ప్రశ్నలకు మాకంటే బాగా జవాబు చెప్పగలరు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో అధికారులు కాలేజీలకు వచ్చినప్పుడు జాగ్రత్తలతో పాటు చట్టం కూడా చెప్పి వెళ్లాలి, పిల్లలు భయపడేట్టు కాకుండా అర్థమయ్యేట్టు.

మీ పత్రికను ఒకటి అడుగుతున్నాను. జిల్లా పేజీలో వారానికి అర కాలమ్ చోటు ఇవ్వండి. వారానికి ఒక చిన్న ప్రోగ్రామ్, ఒక ఎర్రర్ మెసేజ్‌కు తెలుగు వివరణ, ఆ వారం మన ఊళ్లలో తిరుగుతున్న ఒక మోసం ఎలా పనిచేస్తుందో నాలుగు వాక్యాలు. నల్లగొండ స్నేహితురాలూ నేనూ కలిసి రాసిస్తాం, పైసా తీసుకోం. మొదటి నాలుగు వారాలకు సరిపడా రాసి ఉంచాం, మీరు సరే అంటే ఈ వారమే పంపిస్తాం.

ఇట్లు,
ఒక కంప్యూటర్ సైన్స్ గెస్ట్ లెక్చరర్,
మహబూబ్‌నగర్